థేటా, థకారం, కళింగం: ఒక చక్రాక్షరం చరిత్ర

బొబ్బిలి పేరు వినగానే తెలుగువారి స్మృతిపథంలో రెండు విషయాలు మెదులుతాయి. ఒకటి 1757 జనవరి 24 నాటి యుద్ధం. రెండవది గొల్లపల్లి శిల్పుల చేతులలో పనసకర్ర నుండి అవతరించే వీణ. ఈ రెంటికీ మించిన ప్రాచీనత గల మూడవ విషయం ఒకటున్నది. అది చండవర్మ మహారాజు తామ్రశాసనం. శ్రీకాకుళ సమీపాన నేటి సింగుపురంగా గుర్తింపబడిన సింహపురం నుండి కళింగాన్ని ఏలిన ఈ రాజు ఇచ్చిన సంస్కృత దానశాసనం ‘బొబ్బిలి శాసనం’ అనే పేరుతోనే ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రచురితమై, శాసన పరిశోధకులకు సుపరిచితమైంది. ఆనాటి కళింగ రాజవంశాల పేర్లలో మాఠరులు, వాసిష్ఠులు కనిపిస్తారు. రెండు పేర్లలోనూ ఠకారం ఉన్నది. బ్రాహ్మీ లిపిలో ఆ ఠకారం ఒక శుద్ధ వృత్తం. ఆ వృత్తం నడుమ ఒక బిందువు పెడితే థకారం అవుతుంది.

ఇదే ఆకారం, వృత్తమూ దాని నడుమ బిందువూ, మధ్యధరా సముద్ర తీరంలో యవనుల లిపిలోనూ ఒక అక్షరంగా వెలసింది. ఆ అక్షరం పేరు థేటా. ఆంగ్లోచ్చారణ ప్రభావం వల్ల మన పాఠశాలల్లో అది ‘థీటా’ అయింది. ఆశ్చర్యం ఆకృతితో ముగియదు. ప్రాచీన యవన భాషలో దాని ధ్వని కూడా అచ్చంగా మన థకారమే.

థేటా అనే మాటకు గ్రీకు భాషలో అర్థం లేదు. ఆల్ఫా, బీటా అనే మాటలకూ లేదు. ఇవి ఫినీషియా వర్తకుల వద్ద నుండి లిపితో పాటు తెచ్చుకొన్న పేర్లు. లిపిని ఫినీషియులే తెచ్చి యిచ్చారని యవన చరిత్రకారుడు హెరొడోటస్ స్వయంగా వ్రాశాడు. ఫినీషియుల భాషలో ‘ఆలెఫ్’ అంటే ఎద్దు, ‘బేత్’ అంటే ఇల్లు. ఆ వరుసలో తొమ్మిదవది ‘టేత్’. దానికి ‘చక్రం’ అనే అర్థాన్ని పండితులు సంప్రదాయంగా చెబుతూ వచ్చారు. ఆ అక్షరం పాత రూపం చూచినవారికి ఈ వ్యాఖ్య సహజంగానే తోస్తుంది: ఒక వృత్తం, దాని లోపల అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి రెండు గీతలు. నాలుగు ఆకుల బండిచక్రమే అది. క్రీ.పూ. 9, 8 శతాబ్దుల ప్రాంతాన యవనులు దీనిని స్వీకరించినప్పుడు వారికొక చిక్కు వచ్చింది. టేత్ అక్షరం సూచించే నొక్కుడు తకారం సెమిటిక్ భాషలకే ప్రత్యేకం. యవనులకు ఆ ధ్వని లేదు. లేని ధ్వనికి గుర్తు వృథాగా పడి ఉండటమెందుకని, తమ భాషలో ఉండి ఫినీషియాలో లేని మహాప్రాణ తకారానికి దానిని కేటాయించారు. చక్రంలోని గీతలు క్రమంగా లోపించి క్రీ.పూ. 5వ శతాబ్ది నాటికి నడుమ బిందువు మాత్రమే మిగిలే రూపం వ్యాప్తి చెందింది. ఆ బిందువు మళ్ళీ సాగి అడ్డగీతగా మారడం తరువాతి కథ.

థేటా ధ్వని కాలక్రమాన మారింది. నేటి గ్రీకులు దానిని నాలుక కొన పళ్ళ నడుమ ఉంచి ఊదే ఊష్మంగా పలుకుతారు. ‘థాంక్స్’ అనే ఆంగ్ల పదాన్ని తెలుగువారు పలికే తీరును ఎగతాళి చేసేవారు ఉన్నారు కాని, సోక్రటీసు కాలపు ఏథెన్సు వీధులలో వినిపించిన థేటా ధ్వనికి ఆ తెలుగు థకారమే నేటి గ్రీకు ఉచ్చారణ కంటె సమీపం.

భాషాశాస్త్ర దృష్టితో చూస్తే థేటాకు మన ధకారంతో బంధుత్వం మరింత గాఢం. సంస్కృతంలో ధకారం ఉన్న చోట గ్రీకులో థేటా రావడం ఒక నియమం. మధు శబ్దానికి అక్కడ ‘మెథు’, ధూమానికి ‘థూమోస్’, రుధిరానికి ‘ఎరుథ్రోస్’ అనగా ఎరుపు. ‘ఉంచుచున్నాను’ అనే అర్థంలో మనకు ‘దధామి’, వారికి ‘తిథేమి’. ఈ చివరి జంట మీద కొంత నిలువవలసి ఉన్నది. ధా ధాతువును ద్విత్వం చేస్తే ‘ధధామి’ కావాలి. కాని అభ్యాసంలోని మహాప్రాణం అల్పప్రాణం కావాలని పాణిని విధించాడు. గ్రీకులోనూ ‘థిథేమి’ కాక ‘తిథేమి’ అయింది. రెండు భాషలలోని ఈ సమాన ప్రవృత్తిని హెర్మన్ గ్రాస్‌మన్ 1863లో సిద్ధాంతీకరించాడు. ఋగ్వేదానికి నిఘంటువు కూర్చినవాడూ ఈయనే. గణితంలో కూడా ఉద్దండుడు.

ఇక్కడే ఒక భ్రమను తొలగించాలి. గ్రీకు ‘థెయోస్’ అంటే దైవం కనుక అది మన ‘దేవ’ శబ్దమే అని భక్తి రచనలలో తరచు కనబడుతుంది. వినడానికి ఇంపుగానే ఉన్నా అది నిలువదు. పై నియమం ప్రకారం థేటాకు ఇక్కడ ధకారం రావాలి, దకారం కాదు. థెయోస్ శబ్దానికి వైదికమైన ‘ధిష్ణ్య’ శబ్దంతో చుట్టరికం చూపుతారు పండితులు. సోమయాగంలో ఋత్విజుల అగ్నిస్థానాలకు ధిష్ణ్యములని పేరు. దేవ శబ్దానికి నిజమైన గ్రీకు బంధువు ద్యౌః వలె ప్రకాశించే ‘జ్యూస్’.

ఈ అక్షరానికీ కళింగ దేశానికీ సంబంధమేమిటన్న ప్రశ్నకు సమాధానం దూరాన, గాంధార సీమలో దొరుకుతుంది. అశోకుని పదమూడవ శిలాశాసనం కళింగ యుద్ధాన్ని, ఆయన పశ్చాత్తాపాన్ని చెబుతుంది. కర్నూలు సీమలోని ఎర్రగుడిలో ఈ శాసనం ఉన్నది. కళింగంలోని ధౌలి, జౌగడ శిలలపై మాత్రం లేదు. లక్షమంది హతులయ్యారనీ, లక్షా యాభై వేలమంది చెరపట్టి తరలింపబడ్డారనీ ఆ గాయం పచ్చిగా ఉన్న ప్రజల ఎదుట చెక్కించడానికి చక్రవర్తికి మనసు ఒప్పలేదనడమే సమంజసం. ఆ స్థానంలో ప్రజలందరూ తన బిడ్డలని చెప్పే వేరే శాసనాలు అక్కడ చెక్కించాడు. కళింగులకు చెప్పని ఆ మాటను యవనులకు చెప్పాడు. 1963లో కాందహారులో బయటపడిన ఒక శిలపై పన్నెండవ శాసనం చివరి భాగమూ, పదమూడవ దాని ఆరంభమూ గ్రీకు భాషలో, గ్రీకు లిపిలో ఉన్నాయి. ప్రియదర్శి అక్కడ ‘పియొదాస్సెస్’ అయ్యాడు. ‘కళింగ’ శబ్దం ‘కలింగే’ అయింది. ఆ పదంలో మన అనుస్వారం స్థానే యవన లేఖకుడు గామా అక్షరాన్ని రెండుసార్లు వ్రాశాడు. గకారానికి ముందున్న గామాను వారు ఙకారంగా పలికేవారు. మన వ్యాకరణం కూడా గకారం పరమైనప్పుడు అనుస్వారానికి ఙకారాన్నే పరసవర్ణంగా విధిస్తుంది. అంటే క్రీ.పూ. 3వ శతాబ్దిలో మన దేశనామం ఎలా వినిపించేదో ఒక యవనుని చెవి సాక్ష్యమిస్తున్నది. అంతకు ఐదేండ్ల ముందు, 1958లో, అదే ఊరి వద్ద దొరికిన ద్విభాషా శాసనంలో ధర్మ శబ్దానికి ‘యుసెబేయా’ అనే అనువాదం ఉన్నది. దైవభక్తి, పూజ్యులయెడ వినయం అని దాని భావం. ధర్మం అందులో పూర్తిగా ఇమడదు. అయినా అంతకంటె మేలైన మాట ఆ భాషలో చూపడం కష్టం.

అశోకుని తరువాత అర్ధశతాబ్ది దాటిన పిదప థేటా, థకారాలు ఒకే లోహఫలకం మీద ముఖాముఖి కాకున్నా వెన్నువెన్ను ఆనించి నిలిచాయి. బాక్ట్రియా యవనరాజు అగాథొక్లెస్ సుమారు క్రీ.పూ. 190-180 నాటివాడు. హిందూకుష్ పర్వతాలకు దక్షిణాన చెలామణి చేయడానికి ద్విభాషా నాణేలు ముద్రించాడు. ఒకవైపు గ్రీకులో, రెండవవైపు బ్రాహ్మిలో అతని పేరు. గ్రీకు పేరులో నాలుగవ అక్షరం థేటా. బ్రాహ్మిలో ఆ స్థానంలో ‘థు’. వృత్తాంతర్గత బిందువే రెండు వైపులా ఆ ధ్వనికి ఆధారమైంది.

1970లో ఆఫ్ఘనిస్థాన్‌లోని ఐ ఖానూమ్ వద్ద ఫ్రెంచి పురావస్తు బృందం త్రవ్వకాలలో ఈ రాజు వెండి నాణేలు ఆరు దొరికాయి. చతురస్రాకారమైన ఆ నాణేలకు ఒకవైపు హలముసలధారి అయిన సంకర్షణుడు, అతని ప్రక్క గ్రీకు లేఖం. రెండవవైపు శంఖచక్రధారి అయిన వాసుదేవుడు, అతని ప్రక్క బ్రాహ్మీ లేఖం. వాసుదేవ సంకర్షణుల మూర్తులలో ఇప్పటికి దొరికిన అత్యంత ప్రాచీనమైన వాటిలో ఇవి లెక్కకు వస్తాయి. బొబ్బిలి కోట ప్రభువుల కులదైవం వేణుగోపాలస్వామి. ఆ స్వామిని సేవించేవారికి ఈ నాణెం ఒక విశేషం చూపుతుంది: వేణువు చేపట్టిన గోపాలమూర్తి శిల్పాలలో ప్రాచుర్యం పొందడానికి ఎన్నో శతాబ్దుల పూర్వమే చక్రం చేపట్టిన వాసుదేవుడు ఒక పరదేశి రాజు నాణెంపై పూజ్యస్థానం అందుకొన్నాడు. ఆ చక్రధారి ప్రక్కనే, చక్రం అని పేరున్న అక్షరానికి ప్రతిరూపమైన థకారం ఉన్నది. దీనిని దైవసంకల్పమని చాటవలసిన పని లేదు. చూచి ఆనందించవచ్చు.

ఈ రాజు నాణేలకు మరొక ఋణం కూడా ఉన్నది. మధ్యయుగాలకే బ్రాహ్మీ లిపిని చదవడం మరుగున పడింది. ఫిరోజ్ షా తుగ్లక్ ఢిల్లీకి తెప్పించిన అశోక స్తంభాలపై ఏమున్నదో ఆనాటి పండితులెవ్వరూ చెప్పలేకపోయారు. 1836లో క్రిస్టియన్ లాసెన్ అగాథొక్లెస్ నాణెంపై గ్రీకు లేఖాన్ని ఆధారం చేసుకొని ఎదుటివైపు బ్రాహ్మీ అక్షరాలు కొన్నిటిని గుర్తించాడు. మరుసటి ఏడాది జేమ్స్ ప్రిన్సెప్ సాంచీ ప్రాకారంపై పదే పదే వచ్చే చివరి మాటను ‘దానం’ అని పోల్చి, తక్కిన వర్ణమాలనంతా తెరిచాడు. అశోకుని వాణి రెండు వేల యేండ్ల తరువాత తిరిగి వినిపించింది.

ఆకృతి ఒకటే, ధ్వని ఒకటే కనుక థకారం థేటా నుండి పుట్టిందా? లేక థేటాయే మన నుండి వెళ్ళిందా? రెండవ వాదం కాలగణన ముందు నిలువదు. థేటా పుట్టిన క్రీ.పూ. 8వ శతాబ్దికి చెందిన బ్రాహ్మీ శాసనమేదీ లేదు. మొదటి వాదాన్ని కాస్త మార్చి 1895లో జార్జ్ బ్యూలర్ వివరంగా ప్రతిపాదించాడు. ఆయన మతంలో థకారం గ్రీకు నుండి కాక నేరుగా సెమిటిక్ ‘టేత్’ నుండి వచ్చింది. అందులోని బిందువు తొలగించి ఠకారం చేశారు. అలా అయితే థేటా, థకారాలు తల్లీబిడ్డలు కావు, అక్కచెల్లెళ్ళు. అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ దీనికి భిన్నంగా బ్రాహ్మి ఈ దేశంలోనే రూపొందిందన్నాడు. బ్యూలర్ పోలికలలో కొన్ని బలవంతంగా సాగదీసినవే. అక్షరాలను తలక్రిందులు చేసి, పక్కకు తిప్పి పోల్చడం ఆయన అలవాటు. థకారం విషయంలో మాత్రం అటువంటి తిప్పట అవసరం లేదు కనుక ఆయన వాదానికి ఇక్కడ బలమెక్కువ. అదే సమయంలో వృత్తమూ బిందువూ పసిపిల్లవాడు కూడా ఇసుకలో గీయగల ఆకృతి. అది రెండు చోట్ల విడివిడిగా పుట్టడం అసంభవమేమీ కాదు.

లిపి పరదేశం నుండి వచ్చిందంటే వేదానికి న్యూనత కలుగుతుందని కొందరు శ్రద్ధాళువులు కలత చెందుతారు. ఆ కలతకు శాస్త్రంలో ఆస్పదం లేదు. మీమాంసకుల దృష్టిలో నిత్యమైనది వర్ణం. కంఠతాల్వాది స్థానాల్లో పుట్టే ధ్వని దానిని అభివ్యక్తం చేసేది మాత్రమే. ‘గౌః’ అన్నప్పుడు శబ్దమంటే ఏమిటన్న ప్రశ్నకు గకార ఔకార విసర్జనీయాలే అని భగవాన్ ఉపవర్షుడు చెప్పాడని శబరస్వామి ఉటంకించాడు. శంకరభగవత్పాదులూ సూత్రభాష్యంలో ఆయననే స్మరించారు. భర్తృహరి స్ఫోటవాదం వేరైనా, అక్కడ కూడా గీతకు స్థానం లేదు. పాణినీయ శిక్ష మరింత కఠినం. వ్రాతప్రతి చూచి చదివేవానిని ఆరుగురు అధమ పాఠకులలో ఒకనిగా లెక్కించింది. గురుముఖం నుండి శిష్యకర్ణానికి చేరే థకారానికి వృత్తమూ లేదు, బిందువూ లేదు. అది దంతస్థానం, శ్వాసం, మహాప్రాణం. ఈ భేదాన్ని గ్రహిస్తే లిపిచరిత్రను ఏ భయమూ లేకుండా పరిశీలించవచ్చు. మరొక మాట. అరువు లిపి అయినా కావచ్చు గాని, దానిని అమర్చిన క్రమం అరువు కాదు. యవనుల వరుసలో ఎద్దు ప్రక్క ఇల్లు, ఇంటి ప్రక్క ఒంటె. మన వరుసలో కంఠం నుండి ఓష్ఠం దాకా స్థానక్రమం, ప్రతి వర్గంలో అల్పప్రాణ మహాప్రాణ నాద అనునాసిక క్రమం. బ్రాహ్మిని కూర్చినవాడు ఎవరైనా శిక్షాశాస్త్రం ఎరిగినవాడే.

ఈ రెండు అక్షరాలకు అర్థాలు కల్పించడంలో రెండు నాగరికతలు చెరొక త్రోవ పట్టాయి. మృత్యువును గ్రీకులో ‘థనటోస్’ అంటారు. దాని మొదటి అక్షరం కనుక థేటా మరణ చిహ్నమైంది. రోమనులు సైనికుల, మల్లయోధుల జాబితాలలో చనిపోయినవాని పేరు ప్రక్క థేటా గీచేవారు. మన వాఙ్మయంలో థకారం ‘అథ’ శబ్దంలో ఉన్నది. ఓంకారంతో పాటు మంగళవాచకంగా ఎన్నబడిన ఆ శబ్దంతోనే బ్రహ్మసూత్రాలూ, యోగసూత్రాలూ ఆరంభమవుతాయి. అక్కడ ముగింపుకు గుర్తు, ఇక్కడ ఆరంభానికి. కోశకారులు థకారానికి పర్వతం, రక్షకుడు అనే అర్థాలు ఇచ్చారు. భయం అనే అర్థం కూడా ఉన్నదన్నది విస్మరించరాదు. ఠకారానికి చంద్రబింబం, మండలం, శూన్యం, శివుడు అని అర్థాలు. లిపిలోని వృత్తాకారమే ఈ అర్థాలకు మూలమన్నది స్పష్టం. తాంత్రికులు ‘స్వాహా’ పదాన్ని బహిరంగంగా ఉచ్చరించకుండా ‘ద్విఠ’ అని, అనగా రెండు ఠకారాలని, సంకేతించడం మంత్రశాస్త్రంలో ప్రసిద్ధం. యవనులలోనూ మంగళార్థం పూర్తిగా లేకపోలేదు. ఈజిప్టువారు జగత్తును ఒక వృత్తంగానూ, దానిని నడుమ నుండి ధరించే సద్దేవతను సర్పంగానూ చిత్రించి, ఆ రూపం థేటాను పోలి ఉంటుందని చెప్పినట్లు ఫినీషియా దేశస్థుడైన ఫిలో రచన నుండి యూసేబియస్ ఉదాహరించాడు. బ్రహ్మాండంలో అంతర్యామి అనే భావన ఎరిగినవారికి ఇది సులభంగా బోధపడుతుంది.

సంఖ్యలలోనూ ఇరువురూ అక్షరాలనే వాడుకొన్నారు. గ్రీకు వరుసలో నేడు థేటా ఎనిమిదవదైనా సంఖ్యామానం తొమ్మిది. ఆరవ స్థానంలోని ఒక అక్షరం భాష నుండి లోపించినా లెక్కలో మిగిలిపోవడమే కారణం. మన కటపయాది పద్ధతిలో ఠకారం రెండు, థకారం ఏడు, ధకారం తొమ్మిది. బొబ్బిలి వీణపై వినిపించే మేళకర్తలలో నఠభైరవిని చూడండి. నకారం సున్న, ఠకారం రెండు, అంకెలను వెనుక నుండి చదివితే ఇరవై. ఆ రాగం ఇరవయ్యవ మేళం.

తెలుగు లిపిలో ఈ అక్షరాల గతి చిత్రమైనది. నాగరిలోని ఠకారం నేటికీ బిందువు లేని వృత్తమే. తెలుగులో ఠకారం కూడా బిందువు దాల్చింది. థకారంలో బ్రాహ్మీ కాలపు బిందువు గర్భంలో అలాగే ఉన్నది. పైన తలకట్టు, క్రింద మహాప్రాణ సూచకమైన చిన్న గీత వచ్చి చేరాయి. థకారం తెలుగుకు అతిథి కూడా. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తెలుగుకు లెక్కించిన 36 వర్ణాలలో దానికి చోటు లేదు. కథ, తీర్థం, రథం వంటి సంస్కృత పదాలతో పాటు వచ్చి స్థిరపడింది. రథ శబ్దానికి లాటిన్‌లోని బంధువు ‘రోటా’. దాని అర్థం చక్రం. విజయనగర సమీపాన రామతీర్థంలో శ్రీరామాలయమూ, గురుభక్తులకొండపై బౌద్ధావశేషాలూ ప్రక్కప్రక్కన ఉన్నాయి. ఆ ఊరి పేరు వ్రాసిన ప్రతివారూ అశోకుని లేఖకులు పెట్టిన బిందువునే మళ్ళీ పెడుతున్నారు.

పేర్లు నోటి నుండి నోటికి మారుతూ అర్థం మరుగుపడటం అక్షరాలకు మాత్రమే జరిగేది కాదు. ‘పెద్దపులి’ పెబ్బులి అయి, బెబ్బులి అయి, చివరకు బొబ్బిలి అయిందని స్థానిక సంప్రదాయం. సంస్థానాన్ని అనుగ్రహించిన షేర్ మహమ్మద్ ఖాన్ పేరులోని ‘షేర్’ శబ్దానికి తెలుగు చేసి ఊరికి ఆ పేరు పెట్టారంటారు. ‘టేత్’ థేటా కావడం దీనికంటె పెద్ద వింత కాదు.

నేడు బొబ్బిలి పాఠశాలలో పదవ తరగతి విద్యార్థి నల్లబల్లపై ‘సైన్ థీటా’ అని చూస్తాడు. అందులో మొదటి మాట పుట్టిల్లు సంస్కృతం. వింటినారిని సూచించే ‘జ్యా’ శబ్దానికి పర్యాయమైన ‘జీవా’ను అరబ్బులు ‘జిబ’ అని వ్రాసుకొన్నారు. అచ్చులు వ్రాయని ఆ లిపిలో దానిని ‘జైబ్’ అని, అనగా వస్త్రపు మడత అని, పొరపడి 12వ శతాబ్దిలో లాటిన్‌లోకి ‘సైనస్’ అని అనువదించారు. రెండవ మాట ఫినీషియా బండిచక్రం. మొదటిది ఆర్యభటుని కాలం దాటి పడమరకు వెళ్ళి తిరిగి వచ్చింది. రెండవది ఆ పడమటి నుండే బయలుదేరి, ఆంగ్లేయుల పాఠ్యపుస్తకాలతో వేగావతీ తీరానికి చేరింది.